యాభై దాటాక విడాకులు: ఇల్లా పెన్షనా, ఒకేసారా నెలనెలానా?

మా అక్క యాభై ఏడో ఏట విడాకులు తీసుకుంది. ఇల్లు కావాలంది, ఇల్లే వచ్చింది, మేమంతా గెలిచిందనే అనుకున్నాం. మూడేళ్లు తిరక్కుండానే పైకప్పు కారడం మొదలైంది, బాగు చేయించడానికి చేతిలో డబ్బు లేదు, అవతల ఆయనకు మాత్రం నెల మొదట్లో పెన్షన్ పడుతూనే ఉంది. ఆ పెన్షన్ కూడా లెక్కలోకి తేవాల్సిన ఆస్తేనని మాలో ఎవరికీ తోచలేదు. లాయరు చెప్పలేదు, మేం అడగలేదు. అప్పటినుంచి తెలిసినవాళ్లెవరైనా ఈ దారిలో ఉన్నారంటే కాగితం, కాలిక్యులేటర్ పట్టుకుని పక్కన కూర్చుంటున్నాను. నేను లాయర్ని కాదు, ఆడిటర్నీ కాదు, లెక్కలు కట్టే అలవాటున్న మనిషిని.

విడిపోవాలా వద్దా అన్నది మీ ఇష్టం, దాని జోలికి నేను వెళ్లను. విడిపోవడం ఖాయమయ్యాక మీ ముందుకు రెండేసి దారులు వస్తుంటాయి, ఒక్కోసారి మూడు. వాటిలో ఏది ఎవరికి నప్పుతుందో చూద్దాం.

ముందు వయసు సంగతి. ముప్ఫైలో విడాకులైతే పొరపాటు చేసినా సంపాదించి పూడ్చుకోవడానికి పాతికేళ్లు ఉంటాయి. యాభై ఎనిమిదిలో ఆ పాతికేళ్లు ఉంటాయి, సంపాదన ఉండదు. పైగా ప్రపంచం మొత్తం మీద సగటున ఆడవాళ్లు మగవాళ్లకంటే సుమారు 5 ఏళ్లు ఎక్కువ బతుకుతారు, అంటే ఉన్న డబ్బు ఎక్కువ కాలం రావాలి. ఇంకొకటి చాలామంది గమనించరు: ఇద్దరి ఇంటి ఖర్చు 100 అయితే ఒక్కరికి 50 సరిపోదు. అద్దె, కరెంటు, ఇంటి పన్ను ఇవేవీ సగానికి తగ్గవు. సంపన్న దేశాల కూటమి ఓఈసీడీ ఆదాయాలను పోల్చేటప్పుడు వాడే వర్గమూలం లెక్క ప్రకారం ఒక్కరికి సుమారు 70 కావాలి. సగం ఆస్తి తెచ్చుకున్నా జీవితం కిందికి జారడానికి కారణం ఇదే.

అమెరికాలో యాభై దాటినవాళ్ల విడాకుల రేటు 1990 నుంచి 2010కి రెట్టింపైందని లెక్క తేల్చిన పరిశోధకులు సూసన్ బ్రౌన్, ఐ-ఫెన్ లిన్. వాళ్లే 2021లో ఇంకో లెక్క బయటపెట్టారు. ఈ వయసులో విడిపోయాక ఆడవాళ్ల జీవన స్థాయి 45 శాతం పడిపోయింది, మగవాళ్లది 21 శాతం. ఆస్తి మాత్రం ఇద్దరికీ దాదాపు సగమే అయింది. ఆస్తి దెబ్బ ఇద్దరికీ ఒకటే, నెల గడవడంలో దెబ్బ మాత్రం ఆవిడకి రెండింతలు. ఈ తేడా అర్థమైతే కింద నేను చెప్పే ప్రతి ఎంపిక వెనక ఉన్న లెక్కా అర్థమవుతుంది.

అందుకే ఏ ప్రతిపాదన వచ్చినా ఇవాళ దాని విలువ ఎంత అని మొదట అడగను. "నాకు 85 ఏళ్లు వచ్చాక, ఆయన పోయాక, లేదా ఉండీ ఇవ్వడం మానేశాక, ఇది నాకు అన్నం పెడుతుందా?" అని అడగమంటాను. ఎదురుగా ఉన్న రెండు దారులనూ ఈ ప్రశ్నతో తూచండి, ఏది బరువో అక్కడికక్కడే తెలిసిపోతుంది.

ఇల్లా, పెన్షనా

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే, మేమూ ఇక్కడే చేశాం.

ఇల్లు కనిపిస్తుంది. అందులో పిల్లలు పెరిగారు, గోడమీద వాళ్ల ఎత్తు గుర్తులున్నాయి. పెన్షన్ అంటే ఎక్కడో ఒక ఖాతా, అర్థంకాని స్టేట్‌మెంటు. అందుకని "ఇల్లు నువ్వు తీసుకో, నా పెన్షన్ జోలికి రాకు" అని ఆయన అంటే అది ఉదారంగా అనిపిస్తుంది. ఒక్కోసారి నిజంగానే ఉదారం కావచ్చు, కాదనను. కానీ ముప్ఫై ఏళ్ల ఉద్యోగం చేసిన మనిషి పెన్షన్ విలువ ఇంటి విలువకు సమానంగా, ఒక్కోసారి మించి కూడా ఉండొచ్చు. దాన్ని లెక్కగట్టకుండా ఇంటితో మార్చుకోవడమంటే మూట విప్పి చూడకుండా బేరం చేసినట్టే.

ఇంటికి 85 ప్రశ్న వేయండి. తలదాచుకోవడానికి ఉంటుంది, అది ఎవరి దయా కాదు. కానీ నెలకు రూపాయి ఇవ్వదు, పైగా పన్ను, మరమ్మతు, బీమా అంటూ తనే అడుగుతుంది. మోకాళ్లు అరిగాక మేడ మెట్లు కూడా ఖర్చే. డబ్బు అవసరమై వంటగది మాత్రం అమ్ముతానంటే కుదరదు కదా, అమ్మితే మొత్తం అమ్మాలి, అదీ హడావిడిలో, వచ్చిన ధరకు.

పెన్షన్ వాటాకు అదే ప్రశ్న వేస్తే జవాబు ఆ వాటా ఏ రూపంలో వచ్చిందన్న దాన్నిబట్టి ఉంటుంది. ఇంగ్లండ్‌లో రెండు రకాలున్నాయి. ఒకటి పెన్షన్ పంపకం. 2000 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉంది, ఆయన పెన్షన్‌లో కోర్టు చెప్పిన శాతం విడదీసి మీ పేరు మీద వేసేస్తారు. ఇక ఆయన ఉన్నా పోయినా, మీరు మళ్లీ పెళ్లి చేసుకున్నా, అది మీదే. రెండోది అటాచ్‌మెంటు, అంటే ఆయనకు పెన్షన్ వచ్చినప్పుడు అందులోంచి మీకు కొంత పంపుతారు. ఆయన పోతే ఆ నెలసరి ఆగిపోతుంది, మీరు పెళ్లి చేసుకున్నా ఆగిపోతుంది, ఆయన రిటైర్మెంటు వాయిదా వేస్తే అప్పటిదాకా రాదు. కాగితం మీద రెంటికీ ఒకే శాతం రాసి ఉండొచ్చు, అయినా వీటికి పోలికే లేదు. మీ పేరుకు మారేదే అడగండి.

జర్మనీలో 1977 నుంచి విడాకులప్పుడు ఇద్దరి పెన్షన్ హక్కులను కుటుంబ కోర్టే లెక్కేసి పంచుతుంది. జపాన్‌లో ఈ పంపకం 2007 ఏప్రిల్‌లో మొదలైంది, పెళ్లి కాలంలో పోగైన ఉద్యోగ పెన్షన్‌లో గరిష్ఠంగా సగం దాకా. అమెరికాలో ఆఫీసు పెన్షన్లకు, 401కె అనే ఉద్యోగుల రిటైర్మెంటు పొదుపు ఖాతాలకు క్యూడ్రో అనే ప్రత్యేక కోర్టు ఆదేశం కావాలి, విడాకుల తీర్పులో ఒక లైను రాసుకుంటే చాలదు, ఆ ఆదేశం పెన్షన్ సంస్థకు చేరి వాళ్లు ఒప్పుకోవాలి. తీర్పు వచ్చిందని ఊపిరి పీల్చుకుని ఈ పని అలాగే వదిలేసేవాళ్లు ఉంటారు. దానితో ఒక సదుపాయం కూడా ఉంది: మామూలుగా యాభై తొమ్మిదిన్నర లోపు 401కె డబ్బు తీస్తే 10 శాతం జరిమానా, క్యూడ్రో కింద మాజీ భార్య నేరుగా తీసుకుంటే ఆ జరిమానా లేదు, ఆదాయపు పన్ను మాత్రం ఉంటుంది. అదే డబ్బును ముందు ఐఆర్ఏ అనే సొంత రిటైర్మెంటు ఖాతాలోకి మార్చుకుని తర్వాత తీశారో, జరిమానా మళ్లీ వచ్చి కూర్చుంటుంది. కొత్త జీవితం మొదలుపెట్టడానికి చేతిలో కొంత నగదు కావాలనుకునేవాళ్లు మార్చకముందే తీసుకోవాలి.

భారతదేశంలో ఇలా ఆస్తినీ పెన్షన్నూ భార్యాభర్తల మధ్య పంచే సాధారణ చట్టం లేదు. గోవా సివిల్ కోడ్ మినహాయింపు. మిగతా చోట్ల ఎవరి పేరున ఉన్నది వాళ్లదే, కోర్టు భరణం నిర్ణయించేటప్పుడు మాత్రం ఆయన ఆస్తినీ ఆదాయాన్నీ చూస్తుంది. కాబట్టి అక్కడ పెన్షన్‌లో వాటా అని అడిగితే దొరకదు, ఆ పెన్షన్‌ని లెక్కలో చూపించి భరణం పెంచమని అడగాలి.

పన్ను కూడా చూడాలి. పెన్షన్ ఖాతాలో 100 ఉందంటే చేతికొచ్చేది 100 కాదు, తీసేటప్పుడు పన్ను పోతుంది. ఇల్లు అమ్మితే వేరే లెక్క, అమెరికాలో సొంత ఇంటి లాభం మీద మినహాయింపు దంపతులకు 5 లక్షల డాలర్లు, ఒంటరికి రెండున్నర లక్షలు. విలువ చాలా పెరిగిన ఇంటిని విడిపోయాక అమ్మడం కంటే కలిసి ఉండగానే అమ్మి పంచుకోవడం కొందరికి మేలవుతుంది.

నా మాట సూటిగా చెప్పాలంటే: సొంత నెలసరి ఆదాయం ఉన్న ఆవిడ ఇల్లు తీసుకోవచ్చు. లేని ఆవిడ ముందు పెన్షన్, తర్వాతే ఇల్లు. రెండూ కొంచెం కొంచెం దొరికితే మరీ మంచిది, పెద్ద ఇల్లు అమ్మి చిన్నది కొనుక్కుని, మిగిలింది ఆదాయమిచ్చే చోట పెట్టుకోవడం విసుగ్గా కనిపించే దారే గానీ 85 ప్రశ్నకు అదే బాగా నిలబడుతుంది. ఇల్లు ఉంచుకోవాలనే గట్టిగా ఉంటే ఒక ఏడాది పన్ను, మరమ్మతు, బీమా ఖర్చు రాసి, అది ఏ ఆదాయంలోంచి వస్తుందో ఎదురుగా రాయండి. ఎదురుగా రాయడానికి ఏమీ దొరక్కపోతే ఆ ఇల్లు మీకు బరువే.

ఒకేసారా, నెలనెలానా

రెండో పెద్ద ప్రశ్న. చుట్టూ ఉన్నవాళ్లలో సగంమంది "ఒకేసారి తీసుకుని తెంచేసుకో" అంటారు, మిగతా సగం "మొత్తం ఒకేసారి చేతికిస్తే కరిగిపోతుంది, నెలనెలా తీసుకో" అంటారు. ఇద్దరూ లెక్క కట్టకుండానే చెబుతారు, అదీ సరదా.

లెక్క కడదాం. నెలకు 100 చొప్పున, పాతికేళ్లు అనుకోండి. ధరలు ఏటా 6 శాతం పెరుగుతున్నాయి, దాచిన డబ్బు మీద 8 శాతం వస్తోంది, ఇవి నేను లెక్క కోసం అనుకున్న అంకెలు, మీ చోట ఏముంటే అవి వేసుకోండి. 6 శాతం పెరుగుదల అంటే 12 ఏళ్లలో ధరలు రెట్టింపు, 24 ఏళ్లలో నాలుగింతలు. ఇవాళ్టి 100 మీకు డెబ్బై వచ్చేసరికి 50 పని చేస్తుంది, ఎనభై రెండుకి 25 పని చేస్తుంది, అంతే.

ఇప్పుడు చూడండి. ఆ 100 పాతికేళ్లూ అలాగే కదలకుండా ఉంటే దాని ఇవాళ్టి విలువ సుమారు 10 నుంచి 11 ఏళ్ల భరణానికి సమానం. అదే 100 ధరలతో పాటు ఏటా పెరుగుతుందని రాసుకుంటే దాని ఇవాళ్టి విలువ సుమారు 20 ఏళ్ల భరణం. మొదలయ్యే అంకె రెండిట్లోనూ ఒకటే, రాజీపత్రంలో ఒక్క వాక్యం తేడా, విలువ దాదాపు రెట్టింపు! అందుకే 100ని 120 చేయమని నెలల తరబడి కొట్లాడి, ఏటా పెరగాలన్న షరతు మరిచిపోయేవాళ్లని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

కాబట్టి ఆయన "పదేళ్ల భరణం ఒకేసారి ఇచ్చేస్తాను" అంటే జవాబు దేనితో పోలుస్తున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. పెరగని నెలసరితో పోలిస్తే అది న్యాయమైన బేరమే, ఇంకా చెప్పాలంటే మంచి బేరం, ఎందుకంటే ఆయన ఆరోగ్యం, ఉద్యోగం, మనసు ఇవేవీ ఇక మీకు పట్టవు. ఏటా పెరిగే నెలసరితో పోలిస్తే అది సగమే. ఆ పదేళ్ల మొత్తాన్ని తీసుకుని, నెలకు 100 మొదలుపెట్టి ధరలతో పాటు పెంచుకుంటూ వాడితే సుమారు 11 ఏళ్లకు అయిపోతుంది. యాభై ఎనిమిదిలో తీసుకుంటే అరవై తొమ్మిదికి ఖాళీ.

అయితే ఆయన పాతికేళ్లూ కడతాడని ఎవరు చెప్పారు? ఆయనకు అరవై నాలుగు, బీపీ షుగరు ఉన్నాయి, పదిహేనేళ్లే కడతాడనుకుందాం. అప్పుడు పెరిగే నెలసరి విలువ సుమారు 13 ఏళ్ల భరణానికి పడిపోతుంది, పెరగనిది ఎనిమిదిన్నరకు. చాలాచోట్ల చెల్లించే మనిషి పోతే నెలసరి ఆగిపోతుంది, ఇంగ్లండ్‌లో మామూలు నెలసరి అంతే. అందుకే నెలసరికి ఒప్పుకుంటే దాని వెనక ఏదో ఒక పూచీ ఉండాలి. ఆయన ప్రాణం మీద బీమా పాలసీ, డబ్బు మీకు వచ్చేలా, ప్రీమియం కట్టకపోతే మీకు కబురు వచ్చేలా. లేదా ఆయన స్థిరాస్తి మీద హక్కు రాయించుకోవడం, భారతదేశంలో 1955 హిందూ వివాహ చట్టం 25వ సెక్షన్ కోర్టుకు ఆ అధికారం ఇచ్చింది, కానీ అడిగితేనే కదా ఇచ్చేది. ఈ పూచీ ఏదీ లేకుండా, ఒంట్లో బాగోని మనిషి మీద పాతికేళ్ల నెలసరి పెట్టుకోవడం నాకైతే నచ్చదు.

ఒకేసారి తీసుకునేవాళ్లకు ఒక కొలత. 1994లో విలియం బెంగెన్ అనే అమెరికన్ సలహాదారు అక్కడి పాత మార్కెట్ లెక్కలన్నీ తిరగేసి, మొదటి ఏడాది మొత్తంలో 4 శాతం తీసి, తర్వాత ధరలతో పాటు పెంచుకుంటూ పోతే కనీసం 30 ఏళ్లు వచ్చిందని చూపించారు. అంటే ఏడాది ఖర్చుకు 25 రెట్లు కావాలి. అది షేర్లు, బాండ్లు కలిపి పెట్టిన డబ్బుకు, అమెరికా చరిత్రకు సంబంధించిన లెక్క, వేదవాక్కు కాదు. కానీ ఎవరైనా పది రెట్లు ఇచ్చి "జీవితాంతం వస్తుంది" అంటే నవ్వుకోవడానికి పనికొస్తుంది.

పన్ను సంగతి దేశానికో తీరు. భారతదేశంలో ఒకేసారి వచ్చిన భరణాన్ని సాధారణంగా మూలధనంగా చూసి పన్ను వేయరు, నెలనెలా వచ్చేది ఆదాయం కిందికి వస్తుంది. కెనడాలో రాతపూర్వక ఒప్పందం ప్రకారం నెలనెలా వచ్చే భార్య భరణానికి ఆవిడ పన్ను కట్టాలి. అమెరికాలో 2018 తర్వాత కుదిరిన ఒప్పందాలకు కేంద్ర ప్రభుత్వ పన్ను తీసుకునేవాళ్లకు లేదు. రెండు ప్రతిపాదనలూ పన్ను పోగా ఎంతో చూసి పోల్చండి, లేకపోతే పోల్చినట్టే కాదు.

ఇంకో కోణం డబ్బుది కాదు, మనిషిది. చేతిలో పెద్ద మొత్తం పడగానే అబ్బాయి వ్యాపారం గుర్తొస్తుంది, అమ్మాయి ఇంటి అప్పు గుర్తొస్తుంది, తమ్ముడికి అవసరం పడుతుంది. కాదనలేని మనస్తత్వం అయితే మీకు నెలసరే మేలు, లేదా వచ్చిన మొత్తంలో పెద్ద భాగాన్ని జీవితాంతం నెలనెలా ఇచ్చే యాన్యుటీలో పెట్టేసి "డబ్బు లేదు, కట్టేశాను" అని నిజమే చెప్పొచ్చు. యాన్యుటీ రాబడి ఆకర్షణీయంగా ఉండదు, చాలావాటిలో ధరలతో పాటు పెరగదు కూడా. కానీ 85లోనూ 95లోనూ వస్తుంది, ఎవరూ ఏడ్చి అడిగి పట్టుకుపోలేరు.

విడాకులా, భార్యగానే ఉంటూ వేరుగా ఉండటమా

విడిపోవడం ఖాయమన్నాక ఇది మళ్లీ ఎందుకంటే, విడిపోవడం వేరు, వివాహం రద్దు కావడం వేరు. న్యాయపరంగా వేరుపడితే వివాహం చట్టం దృష్టిలో ఉంటుంది. దాంతో కొన్నిచోట్ల ఆయన తర్వాత వచ్చే కుటుంబ పెన్షన్, ఆయన ఆఫీసు ఆరోగ్య బీమా నిలుస్తాయి, కొన్నిచోట్ల నిలవవు, ఆ పథకం నిబంధనల్లో "విడాకులు" అని ఉందా "వేరుపడటం" అని ఉందా అన్నది స్వయంగా చదవాలి. విడాకులైతే ఆ రెండూ మామూలుగా పోతాయి.

కానీ దీనికి నష్టమూ ఉంది. ఇంగ్లండ్‌లో న్యాయపరంగా వేరుపడితే ఇందాక చెప్పిన పెన్షన్ పంపకం ఆదేశం ఇవ్వరు, విడాకులైతేనే. అంటే ఆయన పోయాక ఏదో వస్తుందన్న ఆశతో ఆయన ఉండగానే ఖాయంగా వచ్చేదాన్ని వదులుకున్నట్టు. 85 ప్రశ్నకు అక్కడ విడాకులే బాగా నిలుస్తాయి.

అమెరికాలో తేదీల మీద ఆధారపడే మెలికలున్నాయి. పెళ్లి కనీసం 10 ఏళ్లు నిలిస్తే, తర్వాత మీరు మళ్లీ పెళ్లి చేసుకోకపోతే, 62 దాటాక మాజీ భర్త సోషల్ సెక్యూరిటీ (అక్కడి ప్రభుత్వ పెన్షన్) రికార్డు మీద మీకు కూడా రావొచ్చు, పూర్తి రిటైర్మెంటు వయసులో తీసుకుంటే ఆయన పూర్తి మొత్తంలో సగం దాకా, మీ సొంతది అంతకంటే తక్కువైతే. దానివల్ల ఆయనకు తగ్గదు, ఆయన అనుమతీ అక్కర్లేదు. రెండో పెళ్లి చేసుకుని తొమ్మిదేళ్ల పది నెలల్లో విడిపోతున్నవాళ్లు ఆ రెండు నెలలు ఆగడం ఎంత పనో ఆలోచించండి. ఆయన పోతే అది సగం నుంచి ఆయన పూర్తి మొత్తం దాకా పెరగొచ్చు, ఆ వితంతు మొత్తానికి అరవై దాటాక చేసుకున్న పెళ్లి అడ్డు కూడా కాదు. ఆరోగ్య బీమా కూడా అలాంటిదే: భర్త ఆఫీసు బీమాను విడాకుల తర్వాత కోబ్రా అనే చట్టం కింద సొంత డబ్బుతో 36 నెలలు కొనసాగించుకోవచ్చు, విడాకుల సంగతి 60 రోజుల్లోపు పథకంవాళ్లకు చెప్పాలి. వృద్ధులకు ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా మెడికేర్ 65కి మొదలవుతుంది. 62 నిండాక తీర్పు వస్తే ఖాళీ ఉండదు, 59లో వస్తే మూడేళ్లు సొంతంగా చూసుకోవాలి, ఆ మూడేళ్ల ప్రీమియాన్ని భరణంలో కలిపి అడగాలి.

ఇక ఏ కాగితమూ లేకుండా ఊరికే వేరుగా ఉండటం అన్నింటికంటే చెడ్డది. ఆయన ఆస్తులు అమ్ముకోవచ్చు, జాయింట్ ఖాతా ఖాళీ చేయొచ్చు, వీలునామా మార్చొచ్చు, మీకు మాత్రం ఏ ఆదేశమూ ఉండదు.

అన్నీ డబ్బుతోనే తూగవని కూడా ఒప్పుకోవాలి. 2023 అక్టోబరులో భారత సుప్రీంకోర్టు 89 ఏళ్ల భర్త అడిగిన విడాకులు ఇవ్వనంది, 82 ఏళ్ల భార్య విడాకులైన మనిషిగా చనిపోవడం తనకు ఇష్టం లేదన్నది కూడా పరిగణించి. ఆవిడ మనసుకు ఒక విలువ ఉంది, అది నా కాలిక్యులేటర్‌లో కనిపించదు.

మాట్లాడుకుని తేల్చుకోవడమా, కోర్టులో కొట్లాడటమా

ఆయన తన లెక్కలన్నీ బల్లమీద పెట్టే మనిషైతే మధ్యవర్తిత్వం. దాచే మనిషైతే కోర్టు. నాకు తెలిసినంతలో ఇంతకంటే మంచి గీటురాయి లేదు. ఇన్నాళ్లూ ఇంటి డబ్బు విషయం మొత్తం ఆయనే చూసుకుంటే, ఆయన చెప్పిన అంకెల మీద మధ్యవర్తి ముందు కూర్చోవడం కళ్లకు గంతలతో చీట్లపేక ఆడటమే. భారతదేశంలో రజనేశ్ వర్సెస్ నేహా కేసులో 2020 నవంబరు తీర్పు తర్వాత భరణం కేసుల్లో ఇద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయం ప్రమాణపత్రంలో చెప్పాలి, భరణం కూడా దరఖాస్తు పెట్టిన తేదీ నుంచి లెక్క. ఇంగ్లండ్‌లో ఫామ్ ఇ అని ఉంది, అదీ ఇలాంటిదే. దాచినట్టు అనుమానం ఉంటే ఈ కాగితాలు బయటికి వచ్చేదాకా కోర్టులో ఉండి, వచ్చాక రాజీకి కూర్చోవచ్చు, రెండూ కలిపి చేయకూడదని ఎక్కడా లేదు.

కోర్టుకు పట్టే కాలం కూడా ఖర్చే. భారతదేశంలో షా బానో అనే ఆవిడ 1978 ఏప్రిల్‌లో భరణం కోసం కోర్టుకెక్కారు, అదే ఏడాది 62 ఏళ్ల వయసులో ఆవిడకు భర్త విడాకులిచ్చాడు. హైకోర్టు నెలకు 179 రూపాయల 20 పైసలు చేసింది, సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది 1985లో. ఏడేళ్లు. ముప్ఫైలో ఏడేళ్లు పోతే కోపం వస్తుంది, అరవై రెండులో ఏడేళ్లంటే మిగిలిన జీవితంలో పెద్ద ముక్క. కాబట్టి కోర్టుకు వెళ్తే తుది తీర్పుదాకా బతకడానికి మధ్యంతర భరణం మొదటి రోజే అడగండి.

ఇంట్లో చేసిన చాకిరీకి విలువ లేదని ఎవరైనా అంటే, ఇంగ్లండ్‌లో 2000లో వచ్చిన వైట్ వర్సెస్ వైట్ తీర్పు చెప్పండి. 1961లో పెళ్లయి ముప్ఫై ఏళ్లు దాటాక విడిపోయిన వ్యవసాయ దంపతులు వాళ్లు. సంపాదించినవాళ్లనీ ఇల్లు చూసుకున్నవాళ్లనీ వేరుగా చూడకూడదని, సమాన పంపకంతో పోల్చి చూసుకోవాలని అందులో చెప్పారు. ఆ తీర్పు మీ దేశంలో చెల్లకపోవచ్చు, బేరం మాటల్లో ధైర్యానికి పనికొస్తుంది.

అప్పులు, ఉద్యోగం, పిల్లలు

అప్పుల విషయంలో ఎంపిక ఏమీ లేదు, ఒకటే దారి. "ఆ లోన్ ఆయన కడతాడు" అని తీర్పులో ఉన్నా, లోన్ కాగితం మీద మీ సంతకం ఉంటే బ్యాంకు మీ వెంట పడుతుంది, మీ తీర్పు బ్యాంకుకు పట్టదు. కాబట్టి కడతానన్న మాట వద్దు, తీర్చేయడమో, మీ పేరు తీయించడమో జరగాలి, అదీ ఆస్తి చేతులు మారకముందే.

ఉద్యోగంలో ఉంటే పెన్షన్ తొందరగా మొదలుపెట్టడమా ఆగడమా అన్నది లెక్కపెట్టండి. అమెరికాలో 1960లో గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు మాజీ భర్త సోషల్ సెక్యూరిటీ మీద వచ్చే ఆ సగం వాటాను 67కి కాకుండా 62కే తీసుకుంటే అది 50 శాతం బదులు 32.5 శాతమే అవుతుంది, జీవితాంతం. 67 దాటి ఆగితే మాత్రం ఈ వాటా పెరగదు, ఆగడంలో అర్థం లేదు. ఆరోగ్యం బాగుండి, దీర్ఘాయుష్షు ఉన్న వంశమైతే 67 దాకా పార్ట్‌టైం పని చేసైనా లాగమంటాను. ఒంట్లో బాగోకపోతే 62కే తీసుకోండి, ఎవరి మాటా వినకండి.

పిల్లల దగ్గర ఉండటం మంచిదో చెడ్డదో నేను చెప్పను. కానీ వాళ్ల దగ్గరకు వెళ్లేముందు మీ వాటా ఇల్లు వాళ్ల పేరున రాసేయమంటే మాత్రం వద్దు. వీలునామాలో రాయండి, వీలునామా మార్చుకోవచ్చు, రిజిస్టర్ చేసిన దానపత్రాన్ని వెనక్కి తిప్పడం తలప్రాణం తోకకొస్తుంది.

చివరి పని, అన్నీ అయ్యాక అందరూ మరిచిపోయేది, నామినీలు. 2009లో అమెరికా సుప్రీంకోర్టు ముందుకొచ్చిన ఒక కేసులో మాజీ భార్య విడాకులప్పుడు భర్త పొదుపు పథకం మీద హక్కు వదులుకుంది, ఆయన మాత్రం ఫామ్‌లో ఆవిడ పేరు తీయలేదు, ఆయన పోయాక డబ్బు ఫామ్‌లో ఉన్న పేరుకే వెళ్లింది, కూతురు చూసుకుంటున్న ఆయన మిగతా ఆస్తిలోకి రాలేదు. ఇది రెండు వైపులా తిరుగుతుంది, మీ డబ్బు కూడా అలాగే ఆయనకు వెళ్లగలదు. బీమా, బ్యాంకు, పెన్షన్, షేర్లు, లాకరు, ఒక్కొక్కటిగా వెళ్లి మార్పించి, మార్చినట్టు రసీదు తీసుకోండి.

మా అక్క చివరికి ఆ ఇల్లు అమ్మేసి లిఫ్టు ఉన్న చిన్న ఫ్లాట్ కొనుక్కుంది, మిగిలింది డిపాజిట్లలో పెట్టింది, పెన్షన్ సంగతి తిరగతోడటానికి వీల్లేకపోయింది. నిరుడు ఆ డిపాజిట్ల కాగితాలు సర్దుతుంటే పాత బీమా పాలసీ ఒకటి దొరికింది, నామినీ గడిలో ఇంకా బావగారి పేరే ఉంది. ఆ సోమవారమే వెళ్లి మార్పించాం.